ఆడింది 7 టెస్టులే.. అయినా విజ్డెన్ ఐదుగురిలో చోటు! తెలుగోడు సీకే నాయుడు కథ తెలుసా?

ఏటా ఐసీసీ అవార్డుల టైమ్ వచ్చిందంటే చాలు, రచ్చ షురూ అవుతుంది. ఫలానా ప్లేయర్‌కి ఎందుకిచ్చారు? మనోడిని ఎందుకు పక్కన పెట్టారు? టీమ్ ఆఫ్ ది ఇయర్‌లో ఆ పేరేంటి, ఈ పేరు లేకపోవడమేంటి? మదనపల్లెలో అయినా, పుంగనూరులో అయినా, కుప్పంలో అయినా టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే ఇదే ముచ్చట. ఒకరు పరుగులు లెక్కేస్తారు, ఇంకొకరు యావరేజ్ తీస్తారు, మూడో మనిషి వచ్చి అసలు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడండని అడ్డం పడతాడు.

ఐసీసీ అవార్డులు మొదలైంది 2004లో. ఆ ఏడాది బెస్ట్ క్రికెటర్‌గా రాహుల్ ద్రవిడ్ నిలిచాడు. కానీ ఏటా బెస్ట్ ప్లేయర్లను ఎంపిక చేయడం, ఆ లిస్టు మీద జనం వాదించుకోవడం మాత్రం అంతకు వందేళ్ల ముందు నుంచే ఉంది. అప్పట్లో క్రికెట్ ప్రపంచానికి పెద్ద గుర్తింపు అంటే విజ్డెన్. ఇంగ్లండ్‌లో ఏటా వచ్చే ఈ క్రికెట్ పుస్తకం 1889 నుంచి బెస్ట్ ప్లేయర్ల పేర్లు ప్రకటిస్తోంది. ఆ లిస్టులో 1933లో ఒక తెలుగు పేరు కనిపించింది. అదే కొట్టారి కనకయ్య నాయుడు. అందరికీ తెలిసిన పేరు సీకే నాయుడు. టీమిండియా తొలి టెస్ట్ కెప్టెన్.

మరి ఆయన టెస్ట్ రికార్డు చూస్తే ఏముంటుంది? 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, యావరేజ్ 25, వికెట్లు 9. సెంచరీ ఒక్కటీ లేదు. ఇప్పటి లెక్కల్లో ఈ నంబర్లు పెట్టి అవార్డు అడిగితే నవ్వుతారు. అసలు మ్యాటర్ ఇక్కడే ఉంది.

నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు బిడ్డ

సీకే పుట్టింది 1895 అక్టోబర్ 31న, నాగ్‌పూర్‌లో. కుటుంబం మూలాలు మాత్రం మచిలీపట్నంలో ఉన్నాయి. తాత నారాయణస్వామి నాయుడు నాగ్‌పూర్‌లో పేరున్న లాయర్. తండ్రి సూర్యప్రకాశరావు ఇంగ్లండ్ వెళ్లి చదువుకొని వచ్చారు. చదువున్న ఇల్లు, కలిగిన ఇల్లు. కానీ ఈ కుర్రాడికి మాత్రం బ్యాటే లోకం. స్కూల్లో, ఆ తర్వాత హిస్లాప్ కాలేజీలో క్రికెట్‌తోనే పేరు తెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో ఇండియాలో పెద్ద టోర్నీ అంటే బొంబాయి క్వాడ్రాంగులర్. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు.. ఇలా మతాల వారీగా జట్లు దిగేవి. 1916లో హిందూ జట్టు తరఫున సీకే ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగు పెట్టారు. ఎదురుగా యూరోపియన్ల టీమ్. అప్పటికే హిందూ జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకుని ఇబ్బందుల్లో ఉంది. కొత్త కుర్రాడు మూడు బంతులు జాగ్రత్తగా ఆపి, నాలుగో బంతిని సిక్సర్ కొట్టారట. ఆయన కెరీర్ ఎలా ఉండబోతోందో ఆ ఒక్క షాట్ చెప్పేసింది.

1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు కళ్లు ఈయన మీద పడ్డాయి. పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. ఆ తర్వాత కల్నల్ అయ్యారు. నాగ్‌పూర్ కుర్రాడు కాస్తా ఇండోర్ కల్నల్ సీకే నాయుడుగా మారిపోయారు.

11 సిక్సర్లతో ఊచకోత

సీకేని దేశమంతా తలెత్తి చూసిన రోజు 1926 డిసెంబర్ 1. ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్సీలో ఎంసీసీ జట్టు ఇండియా టూర్‌కు వచ్చింది. బొంబాయి జింఖానా గ్రౌండ్‌లో హిందూ జట్టుతో మ్యాచ్. ఇంగ్లిష్ హిట్టర్ గయ్ ఎర్ల్ ముందు చితక్కొట్టి సెంచరీ చేశాడు. మనోళ్ల వల్ల కాదులే అనుకున్నారంతా.

అప్పుడు దిగారు సీకే. ఆరడుగుల మనిషి. రెండు గంటల్లోపే 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు. ఇప్పటి ఐపీఎల్ ఇన్నింగ్స్ గుర్తొస్తోంది కదా? కానీ ఇది దాదాపు వందేళ్ల కిందటి మాట. హెల్మెట్ లేదు, ఇప్పటి బరువైన బ్యాట్లు లేవు. ఈ వార్త ఊళ్లోకి పాకిపోవడంతో జనం పనులు వదిలేసి గ్రౌండ్‌ వైపు పరుగెత్తారని చెబుతారు. ఆ ఆటకు మెచ్చి ఎంసీసీ ఆయనకు వెండి బ్యాట్ బహుమతిగా ఇచ్చింది.

ఆ ఇన్నింగ్స్ ఎఫెక్ట్ ఒక్క స్కోరు బోర్డుతో ఆగలేదు. ఇండియన్లు ఇంగ్లండ్ బౌలర్లతో సమానంగా ఆడగలరన్న నమ్మకం గట్టిపడింది. సొంతంగా ఒక బోర్డు పెట్టుకోండని గిల్లిగన్ ప్రోత్సహించారు. 1928 డిసెంబర్‌లో బీసీసీఐ పుట్టింది. నాలుగేళ్లకే మన జట్టు టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ ఓడ ఎక్కింది.

ఆట వచ్చినోడు ఒకరు.. కెప్టెన్ ఇంకొకరు!

1932 టూర్‌కు కెప్టెన్ ఎవరు? ఆటలో చూస్తే సీకేకి సాటి లేరు. కానీ ఆ రోజుల్లో కెప్టెన్సీ అంటే రాజుల సొత్తు. పోర్‌బందర్ మహారాజును కెప్టెన్ చేశారు. లింబ్డీ రాజకుటుంబీకుడు వైస్ కెప్టెన్. పోర్‌బందర్ మహారాజుకు తన ఆట ఎంతో తనకు తెలుసు. అందుకే హుందాగా కీలక మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నారు. లింబ్డీకి గాయమైంది. అలా తిరిగి తిరిగి ఆ బాధ్యత చివరికి సీకే చేతికే వచ్చింది.

అదీ అంత సాఫీగా ఏం జరగలేదు. రాజు కాని మనిషి కింద ఆడటమా అని టీమ్‌లో కొందరు మొండికేశారని, పెద్దలు జోక్యం చేసుకుని సర్దిచెప్పాల్సి వచ్చిందని క్రికెట్ చరిత్రకారులు రాశారు.

1932 జూన్ 25. లార్డ్స్ మైదానం. ఇండియా తొలి టెస్ట్. టాస్‌కు వెళ్లిన తొలి భారత కెప్టెన్ మన తెలుగోడు. వయసు 36. ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండ్ 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. మహ్మద్ నిస్సార్ ఓపెనర్లు ఇద్దరినీ బౌల్డ్ చేశాడు. లాల్ సింగ్ మెరుపు ఫీల్డింగ్‌కు ఫ్రాంక్ వూలీ రనౌట్. లార్డ్స్ నివ్వెరపోయింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా సీకే బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టుకు అదే టాప్ స్కోర్. చివరికి ఇండియా 158 పరుగుల తేడాతో ఓడింది. అయినా మన జట్టును ఎవరూ తీసిపారేయలేదు.

విజ్డెన్ లిస్టులో పేరు.. అప్పుడు కూడా డిబేట్ ఉందా?

ఆ టూర్‌లో ఇండియా ఆడింది ఒక్కటే టెస్ట్. కానీ కౌంటీలతో, ఇతర జట్లతో కలిపి 26 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఉన్నాయి. సీకే అన్నీ ఆడారు. ఒక్కటి కూడా వదల్లేదు. 1,618 పరుగులు, 5 సెంచరీలు, యావరేజ్ 40కి పైనే. దానికి తోడు బంతితో 65 వికెట్లు. అదే లార్డ్స్‌లో ఎంసీసీ మీద 118 నాటౌట్. ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన ఓ సిక్సర్ పక్కనున్న రియా నది దాటి పొరుగు కౌంటీలో పడిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

1933 విజ్డెన్ వచ్చింది. ఐదుగురు క్రికెటర్లు: ఆస్టిల్, ఫ్రెడ్డీ బ్రౌన్, కెన్నెడీ, బిల్ వోస్, సీకే నాయుడు. నలుగురూ ఇంగ్లండ్ కౌంటీ ప్లేయర్లు. ఐదో మనిషి సీకే. అంతకుముందు రంజీ, దులీప్, పటౌడీ నవాబు ఈ గౌరవం అందుకున్నారు. కానీ వాళ్లు ఇంగ్లండ్ తరఫున టెస్టులు ఆడినవాళ్లు. ఇండియా జట్టు ప్లేయర్‌గా ఈ లిస్టులోకి వెళ్లిన మొదటి వ్యక్తి సీకే.

మరి ఇందులో వాదించడానికి ఏముంది అంటారా? ఉంది. అదే టూర్‌లో పేసర్ అమర్ సింగ్ వందకు పైగా ఫస్ట్ క్లాస్ వికెట్లు తీశాడు. లార్డ్స్ టెస్టులో హాఫ్ సెంచరీ కూడా కొట్టాడు. లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఓపెనర్లను లేపేసిన నిస్సార్ కూడా టూర్‌లో అదరగొట్టాడు. కేవలం వికెట్ల లెక్క చూస్తే ఈ ఇద్దరిలో ఒకరి పేరు కూడా చెప్పొచ్చు. అమర్ సింగ్‌కు ఆ గౌరవం ఎప్పటికీ దక్కలేదు. 1940లో చిన్న వయసులోనే చనిపోయాడు.

విజ్డెన్ రూల్ తెలిస్తే సీకే ఎందుకు ముందున్నారో అర్థమవుతుంది. అది కెరీర్ మొత్తానికి ఇచ్చే అవార్డు కాదు. ప్రధానంగా అంతకుముందు ఇంగ్లిష్ సమ్మర్ మీద ఎవరి ప్రభావం ఎంత అన్నదే చూస్తారు. ఒకసారి ఎంపికైతే మళ్లీ ఎంపిక చేయరు. ఓట్లు ఉండవు, కమిటీ ఉండదు, ఎడిటర్‌దే తుది మాట. ఆ సమ్మర్‌లో సీకే బ్యాటర్, బౌలర్, కెప్టెన్.. మూడూ తానే. పైగా 26కి 26 మ్యాచ్‌లు ఆడిన మనిషి. ఆ కొలమానం ముందు ఆయన పేరు కాదనడం కష్టం.

సొంతగడ్డపై సీన్ రివర్స్

ఇంగ్లండ్ మెచ్చింది. మరి ఇండియా? 1933-34లో డగ్లస్ జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ సీకేనే కెప్టెన్. బొంబాయిలో మన గడ్డపై జరిగిన తొలి టెస్ట్ అది. లాలా అమర్‌నాథ్ 118 కొట్టి ఇండియాకు తొలి టెస్ట్ సెంచరీ అందించాడు. అవతలి ఎండ్‌లో 67 పరుగులతో అండగా నిలిచింది సీకేనే. సిరీస్ 2-0తో పోయింది.

1936 ఇంగ్లండ్ టూర్ వచ్చేసరికి కథ మారింది. ముందు పటౌడీ నవాబును కెప్టెన్‌గా అనుకున్నారు. ఆయన ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నారు. ఇక సీకేనే అనుకున్నవాళ్లకు షాక్. బోర్డు ఓట్లలో గెలిచింది విజయనగరం మహారాజ్ కుమార్. అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకంలో విజ్జీ. ఆయన కూడా తెలుగువాడే! క్రికెట్ మీద డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెట్టిన మనిషి. జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి ఇంగ్లండ్ దిగ్గజాలను సొంత ఖర్చుతో ఇండియాకు రప్పించారు. ఆ విషయంలో ఆయన చేసిన మేలు కాదనలేం. కానీ టెస్ట్ కెప్టెన్సీకి కావాల్సిన ఆట మాత్రం ఆయన దగ్గర లేదు. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు.

ఆ టూర్ అంతా గొడవలే. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. టీమ్ రెండు వర్గాలైంది. బ్రేక్‌ఫాస్ట్ టేబుల్ దగ్గర సీకేని అవమానించినందుకే బాకా జిలానీకి ఓవల్‌లో టెస్ట్ క్యాప్ దక్కిందని అప్పటి నుంచి చెప్పుకుంటూనే ఉన్నారు. ఇంత జరిగాక కూడా టూర్ మధ్యలోనే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది.

సీకే నోటితో సమాధానం చెప్పలేదు. ఓవల్‌లో ఇండియా ఫాలో ఆన్ ఆడుతోంది. గబ్బీ అలెన్ విసిరిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. నొప్పితో విలవిల్లాడినా క్రీజు వదల్లేదు. 81 పరుగులు చేశాకే ఔటయ్యారు. అదే ఆయన కెరీర్‌లో టాప్ టెస్ట్ స్కోర్. అదే చివరి టెస్ట్. అప్పటికి వయసు 40.

మరి 7 టెస్టులే ఎందుకు?

ఇక్కడే చాలామంది మిస్సయ్యే పాయింట్ ఉంది. 1932 నుంచి 1936 వరకు ఇండియా ఆడిన టెస్టులు ఎన్నో తెలుసా? సరిగ్గా ఏడు. 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఆ ఏడూ సీకే ఆడారు. ఒక్క టెస్ట్ కూడా మిస్ కాలేదు. తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇండియా మళ్లీ టెస్ట్ ఆడింది 1946లో. అప్పటికి సీకే వయసు 50.

అంటే తక్కువ ఆడింది ఆయన కాదు, దేశానికే మ్యాచ్‌లు లేవు. తన బెస్ట్ ఇయర్స్ అన్నీ టెస్ట్ హోదా రాకముందే గడిచిపోయాయి. బొంబాయిలో ఆ 11 సిక్సర్లు కొట్టినప్పుడు ఆయన వయసు 31. ఇండియాకు టెస్ట్ ఛాన్స్ వచ్చేసరికి 36 దాటింది. ఫస్ట్ క్లాస్ లెక్క చూస్తే సీన్ అర్థమవుతుంది: 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు.

వయసు అయిపోయిందనుకుంటే పొరపాటే

టెస్టులు ఆగినా సీకే ఆగలేదు. హోల్కర్ జట్టును రంజీల్లో తిరుగులేని టీమ్‌గా నిలబెట్టారు. 1945-46, 1947-48, 1950-51, 1952-53.. నాలుగుసార్లు రంజీ ట్రోఫీ హోల్కర్‌దే. 50 ఏళ్ల వయసులో బరోడాపై 200 పరుగులు కొట్టారు. ఫస్ట్ క్లాస్‌లో ఆయనకు అదే అత్యధిక స్కోర్. 50 దాటాక కూడా దత్తూ ఫడ్కర్ బౌన్సర్‌కు పళ్లు ఊడితే, వాటిని పక్కకు నెట్టి మళ్లీ స్టాన్స్ తీసుకున్నారని, బౌలింగ్ తగ్గించొద్దని ఫడ్కర్‌కే చెప్పారని కథనం.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీల్లో అడుగుపెట్టింది. ఆ జట్టుకు కెప్టెన్ ఎవరో తెలుసా? 58 ఏళ్ల సీకే నాయుడు! పుట్టింది నాగ్‌పూర్‌లో, బతికింది ఇండోర్‌లో. అయినా ఆంధ్ర పేరుతో తొలి జట్టు దిగినప్పుడు ముందు నడిచింది ఆయనే. 1956లో కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది. ఓ క్రికెటర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1956-57లో 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున చివరిసారి రంజీ ఆడారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఆయన కూతురు చంద్రా నాయుడు దేశంలోని తొలి మహిళా క్రికెట్ కామెంటేటర్లలో ఒకరు. తండ్రి మీద పుస్తకం కూడా రాశారు. తమ్ముడు సీఎస్ నాయుడు 11 టెస్టులు ఆడారు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎందుకు పట్టించుకోలేదు?

2021లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌కు స్పెషల్‌గా పది మందిని ఎంపిక చేసింది. క్రికెట్ చరిత్రను ఐదు కాలాలుగా విడగొట్టి, ఒక్కో కాలం నుంచి ఇద్దరిని తీసుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం, అంటే సీకే కాలం నుంచి ఎంపికైంది వెస్టిండీస్ లెజెండ్ లియరీ కాన్‌స్టంటైన్, ఆస్ట్రేలియా బ్యాటర్ స్టాన్ మెకేబ్. యుద్ధం తర్వాతి కాలం నుంచి మన వినూ మన్కడ్‌కు చోటు దక్కింది.

మెకేబ్ 39 టెస్టుల్లో 48కి పైగా యావరేజ్‌తో పరుగులు చేశాడు. ఆ పేరుతో వాదన లేదు. కాన్‌స్టంటైన్ సంగతి వేరు. 18 టెస్టుల్లో 635 పరుగులు, 58 వికెట్లు. బ్యాటింగ్ యావరేజ్ 20 కూడా లేదు. అయినా ఎవరూ తప్పు పట్టలేదు. ఎందుకంటే వెస్టిండీస్ క్రికెట్‌ను ప్రపంచానికి చూపించిన మనిషి ఆయన. నంబర్లకు మించి ఆయన ప్రభావం ఉంది. సరే, ఒప్పుకుందాం. మరి అదే కొలమానం ఇండియా తొలి కెప్టెన్‌కు పెడితే? సీకే కేసు కూడా అంతే బలంగా ఉంటుంది. కాన్‌స్టంటైన్‌ను తీసేయమని కాదు, ఒకరికి పెట్టిన త్రాసు ఇంకొకరికీ పెట్టమని.

అవార్డుకే ఆయన పేరు

బీసీసీఐ మాత్రం 1994 నుంచి సీకే నాయుడు లైఫ్‌టైమ్ అచీవ్‌మెంట్ అవార్డు ఇస్తోంది. బోర్డు ఇచ్చే అత్యున్నత పురస్కారం ఇదే. మొదట అందుకుంది ఎవరో కాదు, 1936లో టూర్ మధ్యలోంచి ఇంటికి పంపేసిన లాలా అమర్‌నాథ్! 2024 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన వేడుకలో రవిశాస్త్రి, ఫరూఖ్ ఇంజినీర్ ఈ అవార్డు తీసుకున్నారు. 2025లో సచిన్ టెండూల్కర్ అందుకున్నాడు.

మన కుర్రాళ్లకు ఆయన పేరు ఇంకో రకంగానూ ఎదురవుతుంది. కుప్పం, మదనపల్లె కుర్రాళ్లకు విశాఖ స్టేడియం కన్నా బెంగళూరు చిన్నస్వామి స్టేడియమే దగ్గర. కానీ ఆంధ్రకు ఆడాలంటే జిల్లా సెలక్షన్స్ నుంచి మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఏ కుర్రాడైనా ఆంధ్ర అండర్-23 జట్టు దాకా వెళ్తే, అక్కడ ఆడే టోర్నీ పేరు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. రంజీకి ముందు మెట్టు అదే. అక్కడ వాళ్లు కోరుకునేది పెద్ద అవార్డు కాదు, ఆటను చూసి పేరు రాసే సెలక్టర్.

అందుకే ఈసారి అవార్డుల లిస్టు వచ్చినప్పుడు ఫోన్ తీసి వాదన మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చూడండి. ఎంపిక చేసింది ఎవరు? ఏ కాలానికి, ఏ రూల్ ప్రకారం చేశారు? ఆ ఆటగాడికి ఆడే అవకాశం ఎన్ని మ్యాచ్‌ల్లో వచ్చింది? ఈ మూడూ చూడకుండా లెక్కేస్తే సీకే నాయుడు 7 టెస్టుల ప్లేయర్‌గానే మిగిలిపోతారు. చూసి లెక్కేస్తే, దేశం ఆడిన ప్రతి టెస్టులో ఉన్న మనిషి కనిపిస్తారు.